జారని మెలాయా

మీరేం చూశారో ముందు చెప్పండి.

అలెగ్జాండ్రియాలో, చేపలు పట్టేవాళ్ళ వీధిలో పెళ్ళి. పూలగౌను మీద నల్లటి మెలాయా చుట్టుకుని రిహామ్ అనే పిల్ల ఆడింది. మెలాయా అంటే అక్కడి ఆడవాళ్ళు ఒకప్పుడు వీధిలోకి వెళ్ళేటప్పుడు ఒంటికి చుట్టుకునే పెద్ద దుప్పటి. మీరు ముందు వరసలోనే కూర్చున్నారనుకోండి. ఏం చూశారు? అబద్ధమాడకండి. బట్ట బాగుందంటారు, అంతేగా? వీధంతా అదే అంది. అని, మళ్ళీ తిండిలో పడింది.

మర్నాడు పొద్దున రిహామ్ ఏడ్చి వాచిన కళ్ళతో గురువు సఫియ్యా ఇంటికొచ్చింది. వీధి పెళ్ళిళ్ళలో ఆడీ ఆడీ మోకాళ్ళు అరిగిపోయిన మనిషి సఫియ్యా. ఉప్పు వేసిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చునుంది. మేళంలో డోలు వాయించే సాబిర్ పక్కనే టీ తాగుతున్నాడు.

"నా తప్పేంటి ఖాలా? ఏ ప్రాంతం ఆటకి ఆ ప్రాంతం బట్టే వేశాను కదా! దక్షిణాది సయీదువాళ్ళ కర్రాటకి పొడుగు గౌను. గల్ఫ్ ఆటకి వెడల్పు చేతుల అంగీ. పూసల రవిక పెద్ద హోటల్లో తప్ప ఇంకెక్కడా ముట్టుకోను. నిన్న కూడా ఎక్కడా పొల్లుపోలేదు."

"పోలేదు," అంది సఫియ్యా.

"మరి వాళ్ళు నా వంకైనా చూడలేదే!"

"చూశారమ్మా," అన్నాడు సాబిర్. "చేపముళ్ళు ఏరుకుంటూ చూశారు."

"నువ్వు నోరుముయ్ మామూ!"

సఫియ్యా నవ్వలేదు. నవ్వే ఓపిక లేదు. పెళ్ళికొడుకు నాయనమ్మ కబురంపింది. సాయంత్రం విందులో కూడా ఆ పిల్ల ఇలాగే ఆడితే ఇక వేరే మేళాన్ని పిలుచుకుంటామని. సఫియ్యా ఇక ఆడలేదు. రిహామ్ నిలబడకపోతే మేళం ఉండదు. రిహామ్ మళ్ళీ బట్టల ఫ్యాక్టరీలో మిషను ముందు కూర్చోవాలి. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"నిన్న మెలాయా ఒక్కసారైనా జారలేదు. ఎలా?" అడిగింది సఫియ్యా.

రిహామ్ మొహం వెలిగింది. "లోపల కొక్కేలు కుట్టాను ఖాలా. భుజం దగ్గర పిన్నులు పెట్టాను. గెంతినా జారదు!"

సఫియ్యా తడికాళ్ళతోనే లేచి, మెలాయా అందుకుని, కొక్కేలు కత్తిరించేసింది. పిన్నులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసి మూతపెట్టింది. దుప్పటి రిహామ్ ఒంటికి చుట్టి, చేతికి బుట్ట ఇచ్చింది.

"బజారుకెళ్ళి చేపలు పట్టుకురా. దుప్పటి కింద పడకూడదు."

"ఈ ఎండలోనా? పిన్నులివ్వు ఖాలా!"

"వెళ్ళు."

సఫియ్యా గుమ్మంలో కూర్చుని ఎదురుచూసింది. మధ్యాహ్నానికి వీధి చివర రిహామ్ కనిపించింది. దుప్పటి భుజం మీంచి జారితే మోచేత్తో ఎగదోస్తోంది. నడుం దగ్గర వదులైతే, బరువు బుట్టని తుంటికి ఆనించి, పక్కకి ఊగి, చెంగు చంకలో ఇరికిస్తోంది. మలుపులో ఎవడో ఈలవేశాడు. గిర్రున తిరిగి, దుప్పటి ఒంటికి బిగించి, "మీ అమ్మకి వెయ్యరా ఆ ఈల!" అని గదమాయించింది.

ఇంటికి చేరేసరికి చెమటతో తడిసిపోయింది.

"దారంతా జారుతూనే ఉంది ఖాలా! ఒక్క అడుగు కుదురుగా వెయ్యనివ్వలేదు. ప్రాణం తోడేసింది!"

సఫియ్యా బుట్ట అందుకుంది.

"సాబిర్, వాయించు."

డోలు మోగింది. రిహామ్ ఇంకా ఏదో అనబోయింది. దుప్పటి జారింది. భుజం దానంతటదే ఎగిరింది. ఆ భుజం వంక చూసుకుని ఆ పిల్ల మాట మింగేసింది.

సాయంత్రం విందులో, ఆట మొదలయ్యీ కాకముందే మెలాయా నడుం దాకా జారిపోయింది. నాయనమ్మ చేతిలో ముద్ద కంచంలో వదిలేసి, "పట్టుకో పిల్లా, పట్టుకో!" అని అరిచింది. వీధి వీధంతా అరిచింది. రిహామ్ ఆఖరి క్షణంలో, నవ్వుతూ పట్టుకుంది. మళ్ళీ వదిలింది.

సఫియ్యా గోడకి చేరబడి కళ్ళు మూసుకుంది.

జారదని తెలిసిన బట్టని పట్టుకోమని మీరెప్పుడైనా కేకేశారా?