ఒక్క గొడుగు, ఇద్దరు దొరలు

కనకరేవు రాజు విజయగోపాలుడికి భోజనం మధ్యలో ఒక సందేహం వచ్చింది. తన తీరంలో ఓడ దిగి పాకలు వేసుకున్న ఇంగ్లీషువాళ్ళూ జర్మనువాళ్ళూ ఒక జాతా, రెండు జాతులా?

సందేహం చిన్నదే, ముప్పు పెద్దది. పరదేశుల్లో జాతికొక రేవు ఇవ్వాలని తాతగారి శాసనం. ఒకే జాతి అయితే ఉత్తరపు రేవులో సర్దుకుంటారు. రెండయితే, రెండో రేవు కింద జాలర్లు వలలు ఆరేసుకునే ఇసుకమేట కూడా పోతుంది.

దుబాసీ భానోజీ వెంటనే లేచాడు. దొరల మాటలు తెలుగులో చెప్పడం అతని కొలువు. వాళ్ళు రెండు జాతులేననీ, ఒకరి భాష ఒకరికి కాకిగోలేననీ, రెండో దుబాసీగా తన బావమరిదిని పెట్టక తప్పదనీ విన్నవించాడు. ఊరి నోటి కూడు పోతుంటే బావమరిది కొలువు చూసుకునేవాళ్ళు ఆనాడూ ఉన్నారు.

రుజువు చూపించమన్నాడు రాజు. ఇంగ్లీషు దొర హార్లీ, జర్మను దొర క్రాఫ్ట్ సభకు వచ్చారు. హార్లీ "గుడ్ మార్నింగ్" అన్నాడు. ఈ పొద్దు మీకు మంచిదవాలంటున్నాడని భానోజీ తెలుగులో చెప్పాడు. బావమరిది చెమటలు తుడుచుకుని దాన్ని జర్మనులోకి మార్చాడు.

"గూటెన్ మోర్గెన్."

సభ చప్పట్లు కొట్టింది. ఆస్థాన విదూషకుడు గవరయ్య మాత్రం, రెండు పలకరింపులూ ఒకేలా వినబడి, చెవి గోక్కున్నాడు.

జాలరి పెద్ద మైలపల్లి నూకమ్మ ముందుకొచ్చింది. "రేపట్నించి వలలు మా నెత్తిన ఆరేసుకోమంటారా, మారాజా?"

గవరయ్య ఒక్క రోజు గడువు అడిగాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కోట ముంగిట్లో రెండు కుర్చీలు వేయించాడు. మధ్యలో ఒకే తాటాకు గొడుగు పాతించాడు. దాని నీడ ఒక మనిషికే చాలుతుంది. రాజు మేడ మీద, నూకమ్మ మెట్ల దగ్గర, దుబాసీలిద్దరూ గోడవార.

దొరలు కూర్చున్నారు. ఎండ జరిగింది. నీడ జరిగింది. హార్లీ కుర్చీ జరిగింది. క్రాఫ్ట్ కుర్చీ కూడా జరిగింది. కాసేపటికి ఇద్దరూ కుర్చీలు నడుముకు అంటించుకున్నట్టు ఎత్తిపట్టుకుని గొడుగు చుట్టూ తిరుగుతున్నారు.

హార్లీ గొడుగు కర్ర పట్టుకుని "మైన్" అన్నాడు, నాదని.

క్రాఫ్ట్ కూడా కర్ర పట్టుకుని "మైన్" అన్నాడు. అతని భాషలోనూ అది నాదనే.

ఇక మొదలైంది. ఒకడు ఇంగ్లీషులో తిడితే రెండోవాడు జర్మనులో అందుకున్నాడు. చెయ్యి, వేలు, ఇల్లు, అమ్మ, ఏదీ వదల్లేదు; ఆ మాటలు ఇద్దరి నోటా ఇంచుమించు ఒకేలా పలికాయి. ఒకడి మాట ముగియకముందే రెండోవాడి ముఖం ఎర్రబడింది. ఒకడి టోపీ రెండోవాడి చేతిలోకి పోయింది. అర్థం చెప్పబోయి భానోజీ మధ్యలో దూరితే, ఇద్దరూ కలిసి అతన్ని అవతలికి నెట్టి మళ్ళీ తమ పనిలో పడ్డారు.

రాజు మెట్లు దిగి వచ్చాడు. "ఏం గవరయ్యా, ఇంతకీ వీళ్ళేమవుతారు?"

"దాయాదులు, ప్రభూ. పరాయివాళ్ళయితే పోట్లాడుకోడానికి దుబాసీ కావాలి."

రాజుకు పొట్ట పట్టుకోవలసి వచ్చింది. ముంగిలంతా నవ్వింది. బావమరిది కూడా నవ్వి, భానోజీ చూపు తగిలి ఆపాడు. దొరలిద్దరూ ఒక్క రేవులోనే ఉండాలనీ, ఇసుకమేట జాలర్లదేననీ అక్కడికక్కడే తీర్పయింది. నీకేం కావాలో కోరుకోమన్నాడు రాజు గవరయ్యను.

"ఆ గొడుగు నూకమ్మకిప్పించండి, ప్రభూ. చేపలు ఎండబెట్టేటప్పుడు పనికొస్తుంది. అది మధ్యలో ఉంటే ఈ అన్నదమ్ములు ఒక్క రేవులో కాపురం చెయ్యలేరు."

నూకమ్మ వెళ్ళి గొడుగు పీకింది. దానితోపాటు దొరలిద్దరూ నాలుగడుగులు వెంట వచ్చారు.