శౌరయ్య పట్టిన మౌనం

రైళ్ళను ఆవిరి ఇంజన్లు లాగే కాలంలో, బిట్రగుంట రైల్వే కాలనీలో, వ్రతం పట్టడం కంటే ఆ సంగతి నలుగురికీ తెలియడం మీదే ఎక్కువ మక్కువ ఉన్న శౌరయ్య అనే ఫిట్టరు ఉండేవాడు.

ఒక ఏడాది, క్రైస్తవుల ఉపవాస కాలం మొదలయ్యే విభూతి బుధవారం నాడు, నుదుటి బూడిద చెరగకముందే అతడు చర్చి వాకిట్లో ప్రతిజ్ఞ చేశాడు. పాస్కా పండుగ, అంటే ఈస్టర్ దాకా ప్రతి శుక్రవారం, సాయంత్రం సిలువ మార్గం ప్రార్థన ముగిసేవరకు పెదవి విప్పనన్నాడు. ఇంజన్లు బాగుచేసే షెడ్డులో సుత్తుల మోతకు ఎలాగూ ఎవరి మాటా ఎవరికీ వినబడదు. చిక్కంతా ఇంట్లోనే వచ్చింది. అతడు ఉప్పు కోసం వేళ్ళు ఆడిస్తే, భార్య ఆరోగ్యమ్మ మజ్జిగ పోసేది.

"ఈ మౌనం దేవుడి కోసమా, కాలనీ కోసమా?" అనేది ఆమె. "పోనీలెండి, వారానికొక రోజైనా నాకు తిట్లు తప్పాయి."

షెడ్డువాళ్ళు మాత్రం, "మన శౌరయ్య సగం ఫాదరైపోయాడురా!" అనేవారు. అతడు కళ్ళు దించుకుని, చెవులు నిక్కించి వినేవాడు.

పాస్కాకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందరి శుక్రవారం అతని తమ్ముడు జోజయ్య ఇంటికి వచ్చాడు. తల్లిని సమాధి చేసే వేళకు రాలేదని శౌరయ్య అతనితో ఏళ్ళ తరబడి మాట్లాడలేదు. జోజయ్య ఇప్పుడు ఖరగ్‌పూర్‌లో ఉద్యోగానికి పోతున్నాడు. ఇంజను మార్చేదాకా బండి స్టేషన్లో ఆగి ఉంది.

"అన్నా, మళ్ళీ ఎప్పుడొస్తానో తెలియదు. నన్ను క్షమించావా?"

నాన్నకు అన్నం క్యారియరు పట్టుకుని, చెరోవైపు పిడి లాక్కుంటూ షెడ్డుకు పరుగెత్తిన మధ్యాహ్నాలు శౌరయ్యకు గుర్తొచ్చాయి. మాట గొంతు దాకా వచ్చింది. కానీ ఇన్ని వారాల వ్రతం చెడితే కాలనీ ఏమనుకుంటుంది? పెదవుల మీద వేలుంచి, గోడమీది సిలువను చూపించాడు. ఈరోజు మౌనమని అతని భావం.

జోజయ్యకు మరోలా అర్థమైంది. "క్షమించమని దేవుణ్ణే అడుక్కోమంటావు. సరే అన్నా," అని తల వంచుకుని వెళ్ళిపోయాడు.

కుళాయి దగ్గర్నుంచి ఆరోగ్యమ్మ బిందెతో వచ్చింది. "మీ తమ్ముడు కళ్ళు తుడుచుకుంటా పోతున్నాడే! ఏమన్నారు?"

ఏమీ అనలేదన్నట్టు శౌరయ్య చేతులు తిప్పాడు.

"ఏమీ అనలేదు గనకే పోతున్నాడు!"

శౌరయ్య చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. అప్పటికే బండి కదిలింది. ప్లాట్‌ఫారం నిండా షెడ్డువాళ్ళే ఉన్నారు.

"ఒరే జోజీ! నీ మీద నాకు కోపం లేదురా! దిగరా!" అని అరిచాడు.

ఆ కేక ఇంజను కూతను మించిపోయిందని కాలనీవాళ్ళు చెప్పుకునేవారు. అంతా నమ్మనక్కరలేదు. జోజయ్యకు వినబడింది. ముందు ట్రంకుపెట్టె, వెనకే మనిషి ప్లాట్‌ఫారం మీదికి దూకారు.

"సగం ఫాదరు చెడిపోయాడురా!" అని ఎవరో నవ్వారు. తమ్ముణ్ణి కావలించుకున్న శౌరయ్యకు ఆ మాట చెవికెక్కలేదు.

ఇప్పుడు ఆ ఇంజన్లూ లేవు, ఆ నవ్విన మనుషులూ లేరు. అన్నదమ్ములు మాత్రం బతికినన్నాళ్ళూ మాట్లాడుకున్నారు.

నీతి: పేరు కోసం నిలుపుకున్న నియమం కంటే, సాటి మనిషి కోసం తప్పిన నియమమే దేవుడికి దగ్గర.