తౌడమ్మ నెగడు, గుమ్మడికాయ బూడిద

ఒకప్పుడు గుమ్మడికాయ ఒంటి మీద చిటికెడు బూడిద కూడా ఉండేది కాదు. ఏ గుమ్మడికాయ అంటారా? వడియాలు పెట్టుకుంటామే, గుమ్మానికి వేలాడదీస్తామే, అదే! పిందెగా ఉన్నప్పుడు ఒంటినిండా మెత్తని నూగు ఉండేది. ముదిరేసరికి ఆ నూగు రాలిపోయి, నూనె రాసినట్టు నిగనిగలాడేది. ఏం లాభం? నూగు పోగానే పురుగు పట్టేది. కోసిన పది రోజులకే కుళ్లి కంపు కొట్టేది. దాన్ని ఎవరూ ఇంట్లో ఉంచుకునేవారు కాదు.

ఆ రోజుల్లో ఒక కొండ కింద ఇరవై గడపల పల్లె ఉండేది. చివరి గడప తౌడమ్మది. మొగుడు పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఎండు చింతకట్టెలు, ఇంటి నడుమ నెగడు వేసుకునే గుంట, మొగుడు చెక్కిన పన్నెండు పీటలు.

ఆ కొండ కింద చలి మామూలు చలి కాదర్రా! ఒకడి పళ్లు టకటకలాడితే పక్కింటికి వినపడేది. కార్తీకం వచ్చిందంటే చాలు, పొద్దు వాలగానే ఊరంతా తౌడమ్మ ఇంటికే. పొగ రాని కట్టె ఆవిడ దగ్గరే ఉండేది మరి. పీటలు చాలక కొందరు నేల మీదే చతికిలబడేవారు. ఒకరు దుంపలు కాల్చేవారు, ఒకరు కబుర్లు కాల్చేవారు. తౌడమ్మకి ఆ నాలుగు నెలలూ పండగే. "వీళ్లంతా నా కోసమే వస్తున్నారు" అనుకునేది పిచ్చితల్లి.

శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు కదా. అలాగే పోయింది. మర్నాడు తౌడమ్మ ఇల్లు అలికి, పీటలు వేసి, నెగడు రాజేసి కూర్చుంది. ఒక్కరూ రాలేదు.

పక్కింటి పైడమ్మ నీళ్ల బిందెతో వెళ్తూ లోపలికి తొంగి చూసింది.

"ఓలమ్మో! ఇంత ఉక్కలో నెగడేటత్తా? మతి గానీ పోయిందా?"

"రాయే పైడమ్మా, కూకో. దుంపలున్నాయి."

"ఈ సెగలోనా? నా వల్ల కాదు. మళ్లీ కార్తీకంలో వస్తాలే అత్తా!" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

కార్తీకం! అంటే ఎనిమిది నెలలు. తౌడమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. అయినా ఊరుకుందా? మర్నాడూ రాజేసింది, ఆ మర్నాడూ రాజేసింది. నెగడు ఉంటే మనుషులొస్తారు, ఆరితే రారు. ఆవిడకి తెలిసిన లెక్క అదొక్కటే. చెమటలు కారుతున్నా కట్టె మీద కట్టె వేస్తూనే ఉంది. చివరికి కట్టెలు అయిపోయాయి. తౌడమ్మ ఇటూ అటూ చూసి ఒక పీట తీసుకుంది.

అప్పుడు నిప్పు నోరు విప్పింది.

"ఆగాగు! పీటలు కాల్చేస్తే రేపెవరైనా వస్తే ఎక్కడ కూర్చుంటారే?"

"నువ్వు ఆరిపోతే ఎవరొస్తారు?" అంది తౌడమ్మ.

"నేను అలిసిపోయాను తల్లీ. నాలుగు నెలలుగా కునుకు లేదు. నన్ను ఆరిపోనీ."

తౌడమ్మ పీటను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నిప్పు ఆరేదాకా దాని పక్కన కూర్చుంది. పాపం, దాన్ని ఒంటరిగా వదల్లేకపోయింది. గుంటనిండా తెల్లటి బూడిద మిగిలింది.

మిగతా ఇళ్లవాళ్లు బూడిదని ఎప్పుడో పెంటకుప్పల మీద పోసేశారు. తౌడమ్మ కూడా చేటలోకి ఎత్తింది. అంతలో బూడిద సన్నగా అంది:

"నన్ను పారెయ్యకే అవ్వా. నేను నిప్పుగా ఉన్నప్పుడు అందరూ నా వైపు చేతులు చాచారు. ఇప్పుడు ఒక్కరూ ముట్టుకోరు."

"నీ కథా నా కథా ఒకటేలే" అంది తౌడమ్మ. దాన్ని ఒక కుండలో పోసి మూలన పెట్టుకుంది. ఎండాకాలమంతా ఆ ఇంట్లో మాటలంటే వాళ్లిద్దరివే.

వానలు పడ్డాక పెరట్లో గుమ్మడిపాదు పందిరెక్కి కాసింది. కాయలు ముదిరాయి, నూగు రాలింది. ఒకనాడు పందిరి మీంచి ఏడుపు వినపడింది.

"అవ్వా! పురుగు తినేస్తోంది. కప్పుకోవడానికి ఏమైనా ఇవ్వవూ!"

తౌడమ్మ ఇంట్లో కప్పడానికి ఏముంది? ఉన్నది బూడిదే. గుప్పెళ్లతో తెచ్చి కాయల ఒళ్లంతా పులిమింది. బూడిదకి ప్రాణం లేచొచ్చింది. "నన్ను కావాలన్నారు!" అంటూ కాయల్ని వాటేసుకుంది. వాన కడిగినా పోలేదు, గాలి విసిరినా రాలలేదు. పురుగు వచ్చి, మూతి నిండా బూడిద కొట్టుకుని, తుమ్ముకుంటూ పారిపోయింది.

పాదుకి ఇరవై కాయలు. ఒక్క ముసలి పొట్టకి ఇరవై కాయలెందుకు? ఇంటికొకటి చొప్పున మోసుకెళ్లింది. అందరూ పొలాల్లో ఉన్నారు. పలకరించేవాళ్లు లేక, కాయల్ని గడపల మీద పెట్టి వచ్చేసింది.

సాయంత్రం పైడమ్మ పొలం నుంచి ఇంటికొచ్చి గడప మీది కాయని ఎత్తింది. అరచేతులు తెల్లబడ్డాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే చింతకట్టె వాసన.

"ఇది అత్త నెగడు బూడిదే! చలి పుట్టినన్నాళ్లూ వెళ్లానే, ఆ తరవాత మనిషి ఉందో పోయిందో కూడా చూడలేదే! నా బుద్ధి మండ!"

కాయని దించి అలాగే తౌడమ్మ ఇంటికి పరుగున వెళ్లింది. గుమ్మంలో ఆమెని చూసి తౌడమ్మ తడబడింది.

"ఇంకా కార్తీకం రాలేదే పైడమ్మా. నెగడు లేదు."

"నెగడు కోసం రాలేదత్తా."

"మరెందుకొచ్చావే?"

పైడమ్మ రెండు చేతులూ చాచి చూపించింది. చలి కాచుకునేటప్పుడు చాచినట్టే చాచింది.

"చేతులు కడుక్కుందామని. కాసిని నీళ్లు పొయ్యవూ?"

తౌడమ్మ నీళ్లు పోసింది. తరవాత పైటచెంగుతో ఒక పీట మీది దుమ్ము దులిపి వేసింది. నెగడు లేకుండానే ఇద్దరూ చీకటి పడేదాకా కబుర్లు చెప్పుకున్నారు. మర్నాడు ఇంకో నలుగురు చేతులు కడుక్కోవడానికి వచ్చారు. ఊరంతా వచ్చిందని నేను అబద్ధం చెప్పను. కొందరు తమ ఇంట్లోనే కడిగేసుకున్నారు.

పైడమ్మ మాత్రం ఆ కాయని కొయ్యలేదు. అత్తని మళ్లీ మరిచిపోకుండా గుమ్మానికి వేలాడదీసుకుంది. ఏడాది దాటినా అది కుళ్లలేదు.

మిగతా కాయల గింజలు మొలిచి కాసిన కాయలకీ ఆ బూడిదే పట్టింది. అప్పటినుంచే గుమ్మడికాయ బూడిద గుమ్మడికాయ అయింది. లేతగా ఉన్నప్పుడు దాని ఒంటి మీద బూడిద ఉండదు, ముదిరాకే వస్తుంది. ఎవరు ఎత్తుకున్నా వాళ్ల చేతులకి ఇవాళ్టికీ కాస్త అంటించే వదులుతుంది.