సున్న పడిన ఊరు

పూర్వం చంద్రవంక అనే రాజ్యాన్ని విజయకంఠీరవుడు ఏలేవాడు. ఆయనకు వేట పిచ్చి. కోట నుంచి అడవిలోని వేటవిడిదికి రథం ఎక్కడా వంపు తిరగకుండా పోయే బాట కావాలని ఒకనాడు ఆయనకు బుద్ధి పుట్టింది.

ఆస్థాన గణితపండితుడు అనంతసోమయాజి సభామండపం నేల మీద ముగ్గుపిండితో రెండు గీతలు గీశాడు. ఒకటి తూర్పుకు, ఒకటి ఉత్తరానికి. ఆ రెండూ ఖండించుకునే చోట కోటను పెట్టాడు. ప్రతి ఊరికీ, తూర్పుకు ఎన్ని క్రోసులో ఉత్తరానికి ఎన్ని క్రోసులో లెక్కవేసి ఒక్కొక్క చుక్క పెట్టాడు. విడిది ఆరు, ఆరు. కోట నుంచి విడిదికి తిన్నగా గీత లాగితే, అది మూడు, మూడు దగ్గర కుమ్మరిగుంట మీదుగా పోయింది.

"అక్కడ ఇళ్ళున్నాయేమో?" అన్నాడు రాజు.

"ఉంటే ఏం ప్రభూ? శాస్త్రప్రకారం అది బిందువు. బిందువుకు పొడవూ లేదు, వెడల్పూ లేదు. తుడిచేస్తే పోయేదేమీ లేదు" అన్నాడు సోమయాజి.

సభ మెచ్చుకుంది. విదూషకుడు ఓబళయ్య మాత్రం మెచ్చుకోలేదు. అతని అక్క కాపురం ఉండేది కుమ్మరిగుంటలోనే. ఏడిస్తే ఈ సభలో వినేవాడు లేడు. నవ్వించడం ఒక్కటే అతనికి దారి.

"సోమయాజి గారూ, మరి ఏలినవారి సింహాసనం లెక్క ఎంత?" అన్నాడు.

"అది మూలబిందువు. తూర్పుకు... సున్న. ఉత్తరానికి..." సోమయాజి గొంతు సన్నబడింది. "సున్న."

"ఆహా! కుమ్మరికి మూడు, మూడు. మహారాజుకు సున్న, సున్న!"

రాజు కళ్ళెర్రజేశాడు. "ఏమయ్యా సోమయాజీ, నేను నీకు సున్ననా?"

"కోపం వద్దు ప్రభూ. ఆ సున్నలు తీసుకెళ్ళి ఇంకెవరి నెత్తినో వేద్దాం" అన్నాడు ఓబళయ్య. "కుమ్మరిగుంట ఎలాగూ పనికిమాలిన చుక్కే కదా!" అక్క ఊరిని ఆ మాట అనేటప్పుడు అతని నోరు చేదైంది.

వెంటనే కుమ్మరిగుంట మూలబిందువైంది. రాజు మీసం దువ్వుకున్నాడు.

"ఒక్క సందేహం సోమయాజి గారూ. లెక్కలన్నీ మొదలయ్యే చోటును తుడిచేస్తే?" అన్నాడు ఓబళయ్య.

"ఇంకేముంది, రాజ్యంలో ఏ ఊరు ఎక్కడుందో చెప్పలేం!" అన్న సోమయాజి, తానన్నదేమిటో అర్థమై నాలుక కరుచుకున్నాడు.

రాజు ఒక్క క్షణం చూసి పగలబడి నవ్వాడు. "ఓరి గడుసువాడా! అక్కడున్నది మీ అక్క అని నాకు తెలియదనుకున్నావా? పో, ఆ ఊరు వదిలేశాం!" అంటూ మెడలోని ముత్యాలహారం తీసి ఓబళయ్య మెడలో వేశాడు. సభంతా చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు ఆగకముందే రాజు అన్నాడు: "సోమయాజీ, బాటను కొంచెం పక్కకు జరుపు."

సోమయాజి పాత గీతను అరచేత్తో తుడిచి, ఒక్క వంపుతో కొత్తది గీశాడు. అది ఇంకో చుక్క మీదుగా పోయింది.

"ఇది ఏ ఊరు?"

"తాటిమెట్ట, ప్రభూ. కుమ్మరిగుంట నుంచి తూర్పుకు ఒకటి, దక్షిణానికి ఒకటి."

రాజు ఓబళయ్య వైపు తిరిగాడు. "దీనికేమైనా చమత్కారం ఉందా?"

ఓబళయ్య వెతుక్కున్నాడు. ఎంత వెతికినా ఒక్క మాట దొరకలేదు. అతని తెల్లముఖం చూసి రాజు మళ్ళీ నవ్వాడు. ఈసారి నవ్వు ఇంకా పెద్దదిగా వచ్చింది.

మర్నాడు భటుల కంటే ముందుగా ఓబళయ్యే తాటిమెట్టకు పోయాడు. సామాన్లు సర్దుకొమ్మని చెబుదామని రచ్చబండ ఎక్కి నిలబడ్డాడు. రాజుగారి విదూషకుడు వచ్చాడని ఊరంతా పరుగున వచ్చింది. ఆడవాళ్ళు చంకన పిల్లలతో ముందుకు తోసుకొచ్చారు.

"అయ్యలారా, మీ ఊరు..." అంటూ మొదలుపెట్టాడు.

అప్పటికే జనం నవ్వుతున్నారు.