కోడి కోసం వేసిన కేక

"నా కోడిని పట్టిన చేతులెవరివో గానీ, ఆ చేతులకి అన్నం అందకుండా పోనూ!"

కేక వీధి ఆ చివర మొదలై ఈ చివరున్న మఠం దాకా వచ్చింది. ధ్యానంలో కూర్చున్న ఎడ్విన్ కళ్ళు తెరిచేశాడు.

ఇది వియత్నాంలో, హ్యూ పట్నానికి పక్కనున్న ఓ పల్లెలో సంగతి లెండి. నది ఒడ్డున చిన్న బౌద్ధ మఠం. అందులో ఉండేది ఇద్దరే. ఎనభై ఏళ్ళ తామ్ గురువుగారు, ఇంగ్లండు నించి వచ్చిన శిష్యుడు ఎడ్విన్. కుర్రాడు మంచివాడే. రెండేళ్ళలో వాళ్ళ భాష నేర్చాడు, నేల మీద కూర్చోవడం నేర్చాడు, పచ్చిమిరపకాయ కొరకడం కూడా నేర్చాడు పాపం. ఆ కేక ఒక్కటే అలవాటు చేసుకోలేకపోయాడు.

కేక వీధి ఆ చివరింటి న్యాన్ అవ్వది. ఆ దేశంలో పాత పద్ధతొకటుంది. కోడి పోతే గుమ్మంలో నిలబడి దొంగని తిట్టిపోస్తారు. పేరు మాత్రం చచ్చినా చెప్పరు. తగలాల్సినవాళ్ళకి తగుల్తుంది. మన ఇళ్ళలో గిన్నెలు ఠంగుమని పెట్టి గోడతో మాట్లాడే ఆడవాళ్ళు లేరూ? అదే వరస. పోయిన నెల వాన మీద, అంతకుముందు ఎవరిదో పిల్లి మీద, ఈ నెల కోడి మీద.

"గురువుగారూ, ఎవర్ని తిడుతోందో చెప్పదు, ఏం కావాలో చెప్పదు. ఇదేం ఫిర్యాదండీ?" అన్నాడు ఎడ్విన్.

"మీ ఊళ్ళో ఎలా చేస్తారు?"

"ఎవరితో పేచీ ఉంటే వాళ్ళ తలుపే కొడతాం. ముందు క్షమించమంటాం. తర్వాత సంగతి చెప్తాం. తర్వాత టీ తాగుతాం. అక్కడితో సరి."

"బావుంది," అన్నారు గురువుగారు. నిజంగానే బావుందన్నట్టు అన్నారు.

ఎడ్విన్ దాన్ని అనుమతి అనుకున్నాడు. తిన్నగా వెళ్ళి న్యాన్ అవ్వ గుమ్మం ముందు చేతులు జోడించాడు.

"అవ్వా, క్షమించాలి. మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ మీ కేకలకి మా ధ్యానం చెడుతోంది. దయచేసి కాస్త తగ్గిస్తారా?"

వీధిలో పదిమంది చూస్తున్నారు. న్యాన్ అవ్వ నవ్వింది.

"అయ్యో, దానికేం నాయనా," అంది. లోపలికెళ్ళి తలుపేసుకుంది. టీ ఇవ్వలేదు.

మర్నాడు కేక లేదు. ఆ మర్నాడూ లేదు. ఎడ్విన్ ధ్యానం బ్రహ్మాండంగా సాగింది.

నాలుగో రోజు న్యాన్ అవ్వ ఎదురింట్లో ఉండే సెన్ అవ్వ తోటకూర కట్ట పట్టుకుని మఠానికొచ్చింది.

"మీ చిన్నయ్యగారు ఎంత మెత్తగా నడుస్తారో గురువుగారూ! ఆయన చలవ వల్ల వీధంతా ఎంత నెమ్మదించిందో. గోడ మీద చీమ పాకినా వినపడుతోంది. గిన్నె కడిగితే ఆ చప్పుడుకి నేనే ఉలిక్కిపడుతున్నా. హాయిగా ఉందండీ. అన్నం వండుకోబుద్ధి కూడా కావట్లేదు, అంత హాయి."

ఆకుకూర అక్కడ పెట్టి, మాట్లాడినంతసేపూ తన కాళ్ళ వైపే చూసుకుని, వెళ్ళిపోయింది.

ఎడ్విన్ మొహం వెలిగిపోయింది. "మెచ్చుకుంది గురువుగారూ!"

"ఫిర్యాదు చేసింది," అన్నారు గురువుగారు.

తోటకూర ఆకు గిల్లుతూ చెప్పారు.

"వాళ్ళిద్దరూ అక్కచెల్లెళ్ళు. తల్లి పోయినప్పుడు పొరుగూరెళ్ళి, వరదలో చిక్కుకుని సెన్ రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. న్యాన్ ఏమీ అనలేదు. పదకొండేళ్ళయింది, చెల్లెలితో ఇప్పటికీ ఏమీ అనలేదు. న్యాన్ వీధిని తిడుతుంది. సెన్ తన చీపురుని తిడుతుంది. అదీ వాళ్ళ పలకరింపు."

"అయ్యో! ఇప్పుడే వెళ్ళి క్షమాపణ చెప్పుకుంటాను."

"చెప్పు. ఇంకోసారి నవ్వుతుంది."

పొయ్యి మీద కూరముక్కల చారు ఉడుకుతోంది. గురువుగారు గరిటె తీసి, ఓసారి దాన్ని చూసి, చొక్కా చేతిలోకి దోపుకున్నారు. వీధి గుమ్మంలోకి నడిచారు. ఎన్నడూ గొంతెత్తని మనిషి, గుండె నిండా గాలి పీల్చి,

"మా గరిటె పట్టుకుపోయిన చేతులెవరివో గానీ!" అని ఒక్క కేక పెట్టారు. దగ్గొచ్చింది. దగ్గి, మళ్ళీ అందుకున్నారు. "ఇంటింటా గరిటెలుండి, తలుపులేసుకు కూర్చుంటే, ముసలాడు చారెలా వడ్డించుకోవాలి!"

కాసేపటికి ఓ తలుపు కిర్రుమంది.

"విన్నారుటే కోళ్ళూ!" న్యాన్ అవ్వ గొంతు. "మఠంలో గరిటె పోయిందిట. ఎదురుగా కళ్ళున్నవాళ్ళు ఉండీ ఏం లాభం!"

ఎదురు గోడ వెనక సెన్ అవ్వ చీపురు చప్పుడు ఆగింది.

"ఏమే చీపురూ, కళ్ళుంటే సరిపోయిందా? పిలిచినవాళ్ళేరీ? పిలవని గుమ్మం ఎలా ఎక్కుతాం?"

"పిలిస్తేనే వస్తారుటే కోళ్ళూ! పదకొండేళ్ళనించీ తలుపు తీసే పెట్టాంగా, ఎవరడ్డమొచ్చారు?"

అవతల చీపురు మళ్ళీ నేలని గీకడం మొదలెట్టింది.

"గరిటె తెచ్చేవాళ్ళు త్వరగా తేవాలి, చారు ఇగిరిపోతోంది!" అని అరిచారు గురువుగారు.

ఇద్దరూ వచ్చారు. చెరో గరిటె పట్టుకుని, ఒకర్నొకరు చూసుకోకుండా, ఒక్కసారే గుమ్మం దాటబోయి భుజాలు తగిలించుకున్నారు. గురువుగారి చొక్కా చేతిలోంచి గరిటె కాడ బయటికి కనిపిస్తూనే ఉంది. ఎవరూ దాని ఊసెత్తలేదు.

చాప పరిచారు. ఆ దేశంలో తినేముందు చిన్నవాళ్ళు పెద్దవాళ్ళని ఒక్కొక్కర్నీ వరసపెట్టి పిలిచి తినమనాలి. అప్పటిదాకా ఎవరూ చెయ్యి కదపరు. అందరికన్నా చిన్నవాడు ఎడ్విన్. నోటిదాకా వచ్చిన 'క్షమించండి'ని మింగేశాడు.

"గురువుగారూ, తినండి. న్యాన్ అవ్వా, తినండి. సెన్ అవ్వా, తినండి."

తర్వాత సెన్ అవ్వ వంతు.

"గురువుగారూ, తినండి," అంది. ఆగిపోయింది. న్యాన్ అవ్వ తల వంచుకునే ఉంది గానీ, చెవులు రెండూ అటే ఉన్నాయి.

"అక్కా," అంది సెన్ అవ్వ. మళ్ళీ అంది. "అక్కా, తినవే."

న్యాన్ అవ్వ తలెత్తింది. అక్కడ కోళ్ళు లేవు, వీధి లేదు. చెల్లెలి మొహంలోకి సూటిగా చూసింది.

"ఎంత ఆలస్యంగా వచ్చావే," అంది.

"వరదొచ్చిందక్కా."

"తెలుసు."

తన గిన్నెలోని పెద్ద ముక్క తీసి చెల్లెలి గిన్నెలో వేసింది.

ఎడ్విన్ గురువుగారి వైపు చూశాడు. అడగాల్సింది చాలా ఉంది వాడికి.

"తినరా, చల్లారిపోతుంది," అన్నారాయన.

నలుగురూ తినడం మొదలుపెట్టారు.