చారలవ్వ కథ వినాలనుకున్న ముంగిస

అనగనగా ఒక అడవిలో, కొండవాగు పరుగు మాని నిమ్మళించే చోట, ఒక పెద్ద మడుగు ఉండేది. మడుగు గట్టున బల్లపరుపుగా ఒక నల్లబండ. ఆ బండమీద ఎప్పటివాళ్లో చదరంగం గళ్లు చెక్కి పెట్టారు. బంట్లకు చింతపిక్కలు, మంత్రికి తానికాయ, రాజుకు కరక్కాయ, మిగిలినవాటికి నున్నటి గులకరాళ్లు. పొద్దు వాలగానే అడవిలో ఆట తెలిసినవాళ్లంతా అక్కడికి చేరేవారు.

ఆ అడవిలో పిప్పలి అనే ముంగిస ఉండేది. పామును చూస్తే వెనకడుగు వేసేది కాదు. కానీ ఆ బండ దగ్గరికి వచ్చేసరికి మాత్రం బెరుగ్గా ఆగిపోయేది. ఎందుకంటారా? చెబుతాను వినండి.

ఏటా చలికాలంలో మంచుకొండల అవతలి నుంచి బాతుల గుంపు ఒకటి ఎగిరివచ్చి ఆ మడుగులో దిగేది. గుంపులో అందరికన్నా పెద్దది ఒక ముసలి బాతు. తలమీద రెండు నల్లచారలు కొట్టొచ్చినట్టు కనిపించేవి కాబట్టి అడవిలో అందరూ దాన్ని చారలవ్వ అని పిలిచేవారు. చదరంగంలో అవ్వను మించినవాళ్లు లేరు.

అవ్వకు ఒక అలవాటు ఉంది. ఆట సాగుతున్నంతసేపూ తాను ఎగిరివచ్చిన దారి గురించి కథ చెప్పేది. ఎదుటివాళ్లు ఆలోచిస్తూ ఉంటే అవ్వ మెల్లగా మాట్లాడుతూ ఉండేది. ఆట కట్టగానే కథ ఆగిపోయేది. "ఆట అయింది, మాటా అయింది" అని రెక్కలు దులుపుకొని నీళ్లలోకి దిగేది. ఎంత బతిమాలినా మళ్లీ నోరు విప్పేది కాదు.

పిప్పలి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి వాగు దాటి ఎరగదు. ఆకాశంలో బాతుల బారు కనబడితే చాలు, మెడ నొప్పి పుట్టేదాకా చూస్తూ నిలబడేది. ఆ కొండల అవతల ఏముంది? మంచు అంటే ఎలా ఉంటుంది? అంత దూరం ఎగిరితే భయం వెయ్యదా? ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగింది చారలవ్వ ఒక్కతే.

ఒక సాయంత్రం అవ్వే పిలిచింది. "రా పిప్పలీ, కూర్చో. మొదటి ఎత్తు నీది."

పిప్పలి ఆత్రంగా ఒక బంటును తోసింది.

"మేము బయలుదేరిన పొద్దున," అని అవ్వ మొదలుపెట్టింది, "మా సరస్సు అంచుల్లో మంచు పేరుకుంటోంది. పిల్లలందరినీ మధ్యలో పెట్టుకుని..."

పిప్పలి చెవులు కథమీద ఉన్నాయి. చెయ్యి మాత్రం ఊరికే ఇంకో బంటును తోసింది. రాజు ముందు తలుపు బార్లా తెరిచినట్టయింది. అవ్వ మంత్రి ఏటవాలుగా వచ్చి వాలింది.

"ఆటకట్టు" అంది అవ్వ. "ఆట అయింది, మాటా అయింది."

"అవ్వా! పిల్లల్ని మధ్యలో పెట్టుకుని? తర్వాత?"

అవ్వ అప్పటికే నీళ్లలో ఉంది.

మర్నాడు పిప్పలి ఎలుగుబంటి గుబురన్న దగ్గరికి వెళ్లింది. గుబురన్న నెమ్మదస్తుడు. గెలవకపోయినా చాలాసేపు నిలబడి ఆడతాడు.

"అన్నా, నువ్వు కథ చాలా దూరం విన్నావు కదా. కొండలు ఎలా ఉన్నాయంది అవ్వ?"

గుబురన్న వీపు గోక్కున్నాడు. "ఎలా ఉంటాయమ్మా, కొండల్లాగే ఉన్నాయంది. ఎగిరారట. ఎగిరారట. నాకు అప్పటికే ఆకలేసింది."

పిప్పలి ఉసూరుమంది. ఆ కథ తన చెవులతో తను వినాల్సిందే. వినాలంటే ఆట నిలవాలి. ఆట నిలవాలంటే నేర్చుకోవాలి.

ఎండలు ముదరకముందే బాతులు లేచి వెళ్లిపోయాయి. పిప్పలి కోతి కొమ్మయ్య దగ్గరికి వెళ్లి, "బావా, నాకు ఆట నేర్పవూ?" అని అడిగింది.

"ఆటంతా ఎందుకు? ఒక కిటుకు చాలు" అన్నాడు కొమ్మయ్య. "చూడు. ఎదుటి రాజు పక్కన ఒక బంటు ఉంటుంది. మొదట్లో దాన్ని రాజు తప్ప ఇంకెవరూ కాయరు. నీ మంత్రినీ, ఏటవాలుగా నడిచే నీ శకటునీ దానిమీదికి గురిపెట్టు. వాళ్లు చూసుకునేలోపే ఆటకట్టు!"

పిప్పలి ఆ కిటుకుతో నక్కను ఓడించింది. అడవిపందిని ఓడించింది. పాపం గుబురన్ననూ ఓడించింది. "ముంగిస మహా ఆటగత్తె అయిందర్రా" అని అందరూ అనుకున్నారు. పిప్పలి మాత్రం ఉత్తరం దిక్కు చూస్తూ రోజులు లెక్కపెట్టుకుంది.

చలికాలం వచ్చింది. అవ్వ వచ్చింది. పిప్పలి కూర్చుంది. మంత్రిని తీసింది, శకటును తీసింది, గురిపెట్టింది.

"మేము బయలుదేరిన పొద్దున," అంటూ అవ్వ ఒక బంటును కొంచెం జరిపి మంత్రికి అడ్డం పెట్టింది. తర్వాత గుర్రాన్ని బయటికి తెచ్చింది. పిప్పలి మంత్రి పక్కకు జరిగింది. అవ్వ ఇంకో గుర్రంతో తరిమింది. పిప్పలి మంత్రి ఒక్కటే పరుగులు తీస్తుంటే, అవ్వ బలగమంతా ఇల్లు కదిలి వచ్చి నిలబడింది. కథ సరస్సు ఒడ్డు దాటకుండానే ఆట ముగిసింది.

అవ్వ ఈసారి వెంటనే లేవలేదు. "పిప్పలీ, నాతో ఆడదామని వచ్చావా, నన్ను పడగొడదామని వచ్చావా?"

పిప్పలి తల దించుకుంది. ఆ కిటుకు పారి ఉంటే కథ ఇంకా ముందే ఆగిపోయేది. అంత చిన్న సంగతి తనకు తోచనే లేదు.

ఆ వారమంతా అది గోరువంక వల్లెమ్మ వెంట తిరిగింది. వల్లెమ్మ బండ పక్క చెట్టుమీద కూర్చుని, పాత ఆటగాళ్లు ఆట మొదలుపెట్టే తీరులన్నీ వల్లె వేసేది. "రాజు ముందు బంటు రెండిళ్లు! గుర్రం బయటికి! శకటు బయటికి! రాజు కోటలోకి!" పిప్పలి అవన్నీ కంఠతా పట్టింది. నిద్రలో కూడా అవే పలికింది.

మళ్లీ ఆడింది. మొదటి ఎత్తులు పాఠంలాగే నడిచాయి. కథ కూడా సరస్సు దాటి ఎడారి మీదికి వచ్చింది. పిప్పలి ప్రాణం లేచివచ్చింది. అంతలో అవ్వ పాఠంలో లేని ఒక ఎత్తు వేసింది. ఓ మూల బంటును ఊరికే జరిపింది, అంతే. పిప్పలికి ఏం చెయ్యాలో తోచలేదు. తర్వాత రావాల్సిన ఎత్తునే కళ్లు మూసుకుని వేసేసింది. మంత్రి పోయింది. ఇంకాసేపటికి రాజూ పోయాడు.

అవ్వ వెళ్లిపోయే రోజు వచ్చింది. గుంపంతా రెక్కలు సవరించుకుంటూ ఉంటే పిప్పలి గట్టున నిలబడి, "అవ్వా, నాకు ఆట రాదేమో" అంది.

అవ్వ దగ్గరికి ఈదుకుంటూ వచ్చింది. "ఓడిన ఆట ఎక్కడికీ పోదమ్మా. దాన్ని మళ్లీ పేర్చు. కాలు జారిన చోట కూర్చో. ఎందుకు జారిందో అడుగు. జవాబు వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకు." కొంచెం ఆగి, "నా రెక్కలు కూడా మునుపటిలా లేవు. వచ్చే ఏడు కొండలు దాటగలనో లేదో" అంది.

బాతుల బారు చుక్కలా మారి మాయమయ్యేదాకా పిప్పలి అక్కడే ఉంది. తర్వాత బండ దగ్గరికి వచ్చి, తాను ఓడిన ఆటను పేర్చింది.

ఆ ఏడాది పిప్పలి గెలుపుల జోలికి పోలేదు. గుబురన్నను బతిమాలి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నాకు ఓపిక ఉంది గానీ తెలివి లేదమ్మా" అన్నాడు గుబురన్న.

"నాకు రెండూ లేవన్నా. నీ ఓపిక కాస్త అరువివ్వు" అంది పిప్పలి.

గుర్రాన్ని మూల గడిలో పెట్టి చూసింది. దూకడానికి రెండే దార్లు. నడిమి గడిలో పెట్టింది. ఎనిమిది దార్లు! "అందుకా వల్లెమ్మ గుర్రాన్ని నడిమి వైపుకే తెమ్మంటుంది!" అని పరుగున వెళ్లి చెప్పింది. వల్లెమ్మ తెల్లబోయింది. "ఏమో తల్లీ, మా అమ్మ అలా పలికింది, నేనూ అలా పలుకుతున్నాను."

ఒక్కో పాఠానికీ పిప్పలి ఒక్కో 'ఎందుకు' వేసింది. రాజును కోటలో ఎందుకు దాచాలి? మంత్రిని ముందే ఎందుకు తియ్యకూడదు? గుర్రం ఒకేసారి రెండింటిమీద ఎలా పడుతుంది? రాజుకు అడ్డం నిలబడ్డ కాయ ఎందుకు కదలకూడదు? కొన్నిటికి జవాబు పూటలో దొరికింది. కొన్నిటికి నెలలు పట్టింది. వానల్లో బండ తడిస్తే, గళ్లు మట్టిమీద గీసుకుని ఆలోచించింది. ఒక్కోసారి విసుగొచ్చి కాయలన్నీ చెల్లాచెదురుగా తన్నేది. మళ్లీ తానే ఏరుకునేది. అవ్వ గొంతు గుర్తొచ్చేది. ఆ కథలో తాను వినని చోటు గుర్తొచ్చేది.

మళ్లీ చలి మొదలైంది. బాతుల గుంపు దిగింది. చారలవ్వ అందులో లేదు.

"అవ్వ వెనకబడింది. వస్తుందో రాదో" అని గుంపులోవాళ్లు చెప్పారు. పిప్పలి తిండి మానేసి ఉత్తరం వైపే చూస్తూ కూర్చుంది. గుబురన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. అలా ఎన్ని సాయంత్రాలు గడిచాయో. ఒకనాడు ఎర్రటి ఆకాశంలో ఒంటరి రెక్క ఒకటి కనబడింది. తడబడుతూ, కిందికి జారుతూ, మళ్లీ లేస్తూ వచ్చి మడుగులో పడింది.

అవ్వ తేరుకోవడానికి కొన్నాళ్లు పట్టింది. ఓపిక రాగానే తానే బండ దగ్గరికి నడిచి వచ్చి, "పేర్చు పిప్పలీ" అంది.

ఆట మొదలైంది. పిప్పలి నడిమి గళ్లు పట్టుకుంది. గుర్రాలను తెచ్చింది. రాజును కోటలో పెట్టింది. అవ్వ పాఠంలో లేని ఎత్తు వేసింది. పిప్పలి బెదరలేదు. అది ఎందుకు వేసిందా అని చూసింది, జవాబు చెప్పింది. ఎత్తుకు పైఎత్తు. ఒక్కో కాయా రాలుతోంది. ఆట నిలిచింది.

కథ కూడా నడిచింది. సరస్సు దాటింది, ఎడారి దాటింది, మంచుకొండల పాదాలు దాటింది. ఇంతవరకూ గుబురన్నా విన్నాడు. ఇక్కణ్ణుంచి ముందు కథ ఆ అడవిలో ఎవరూ వినలేదు. చుట్టూ చేరినవాళ్లంతా ఇంకాస్త దగ్గరికి జరిగారు.

"అంత ఎత్తున ఊపిరి అందదు," అంది అవ్వ. "ముందు ఎగిరేవాడు గాలిని చీలుస్తాడు. వాడు అలిసిపోతే ఇంకొకరు ముందుకొస్తారు. నేను చెబుతున్న ఏడు, చాలా కాలం కిందట, ముందు ఎగిరింది మా ఆయన. నాకు చదరంగం నేర్పింది కూడా ఆయనే. రెండు కొండల నడిమి కనుమ దగ్గర పెనుగాలి లేచింది..."

అప్పుడే పిప్పలి చూసింది. తన గుర్రం ఒక్క దూకు దూకితే అవ్వ రాజుకు చెక్. ఆ రాజు చుట్టూ అవ్వ కాయలే. తప్పుకోవడానికి ఒక్క గడి లేదు. ఆ గుర్రాన్ని కొట్టగలిగింది ఒక్క శకటే. అది కూడా రాజుకు అడ్డంగా ఇరుక్కుని ఉంది, కదిలితే రాజే దొరికిపోతాడు. ఆటకట్టు!

పిప్పలి చెయ్యి గుర్రం దాకా వెళ్లింది. అక్కడే ఆగింది.

వేస్తే ఆట అయిపోతుంది. అవ్వ మాట సగంలో తెగిపోతుంది. కావాలని తప్పు ఎత్తు వేస్తే? అవ్వకు తెలిసిపోతుంది. అది అవ్వను అవమానించడమే. మరేం చెయ్యాలి?

చెయ్యి వెనక్కి తీసుకుని ఒడిలో పెట్టుకుంది. కాయవైపు చూడ్డం మానేసి అవ్వవైపు చూసింది. ఎత్తు వెయ్యడానికి తొందరేముంది?

అవ్వ చెబుతూనే ఉంది. పెనుగాలిలో ఆయన అందరికీ అడ్డంగా నిలిచాడట. గుంపు దాటాక వెనక్కి చూస్తే ఆయన లేడట. అవ్వ ఆగిపోదామనుకుందట. కానీ బారు ముందు ఖాళీ ఉంది, పిల్లలు అరుస్తున్నారు. అవ్వే వెళ్లి ముందు ఎగిరిందట. "అప్పటినుంచి ఏటా ఆ కనుమ దాటేటప్పుడు ఒక్కసారి వెనక్కి చూస్తాను," అంది అవ్వ. "ఈసారి చూసి చూసి వెనకబడ్డాను."

గుబురన్న ముక్కు ఎగబీల్చాడు. పిప్పలి కళ్లలోంచి నీళ్లు బొటబొట రాలాయి.

"ఇంతవరకూ ఎవరి ఆటా ఇంతదూరం రాలేదు," అంది అవ్వ. "నాకు తెలుసులే, ఆ ఎత్తు నువ్వెప్పుడో చూశావు. ఇక వెయ్యి తల్లీ."

పిప్పలి గుర్రాన్ని ఎత్తి, మెల్లగా పెట్టింది.

అవ్వ తన రాజును పడుకోబెట్టి, చాలాసేపు ఆ బండమీదే కూర్చుంది.

ఎండలు రాగానే బాతులు లేచాయి. చారలవ్వ చివరి వరసలో నిదానంగా ఎగిరింది. పిప్పలి గట్టున నిలబడి చూసింది. ఇదివరకు ఆకాశం ఖాళీ కాగానే దాని చూపు కూడా ఆగిపోయేది. ఇప్పుడు ఆగలేదు. ఈ పూటకు కొండల పాదాల దగ్గర ఉంటారు, అనుకుంది. రేపో ఎల్లుండో కనుమ దగ్గరికి చేరతారు. అక్కడ అవ్వ ఒక్కసారి వెనక్కి చూస్తుంది.

నీతి: కిటుకు ఒక పూట గెలిపిస్తుంది. ఎందుకో అడిగి ఓపికగా నేర్చుకున్న విద్య, ఎదుటివారి మనసు దాకా తీసుకువెళ్తుంది.