వరసతల్లిగా నిలిచిన పొత్రం

ఈతమానుమెట్ట వరసతల్లి సన్నిధికి వచ్చే భక్తులు పెద్దమార్కెట్టు దగ్గర బస్సు దిగి, చేపలవీధి గుండా నడవాలి. తారురోడ్డు ఆగిపోయి కొండ మెట్లు మొదలయ్యే చోట గుడి కనిపిస్తుంది. గుడి చాలా చిన్నది. పదిమంది లోపల నిలబడితే పదకొండో మనిషి ఎండలో ఉండవలసిందే. గర్భగుడిలో చెక్కిన విగ్రహమేదీ లేదు. పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టిన రుబ్బురోలు పొత్రమే ఇక్కడి మూలమూర్తి. ప్రత్యేక దర్శనం అనే మాట ఇక్కడ చెల్లదు. ఎంతటివారైనా వరసలో నిలబడి రావలసిందే.

పూర్వం ఇక్కడ గుడి లేదు, ట్యాంకరు ఆగే స్థలం మాత్రమే ఉండేది. ఒకసారి వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. నగరానికి నీళ్ళిచ్చే చెరువులు బీటలు వారాయి, మెట్ట మీది కుళాయిలు గాలి ఊదడం మొదలుపెట్టాయి. మూడు రోజులకొకసారి ట్యాంకరు వచ్చేది. మెట్ట జనం బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు తోమి, ఆ గిన్నెల నీళ్ళను మరుగుదొడ్డికి దాచుకున్నారు. పెద్ద బేసినులో నిలబడి స్నానం చేసి, ఆ నీళ్ళలోనే బట్టలు జాడించుకున్నారు. ఇంటికి చుట్టాలొస్తే ముందు సంతోషం కలిగేది, వెంటనే గుండెల్లో రాయి పడేది.

అలాంటి రోజుల్లో తగవులు లేకుండా ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఇంటికొక రాయి వరసలో పెట్టాలి. రాయికి రెండు బిందెల నీళ్ళు. మనిషి పనికి పోయినా రాయి ఉంటే మనిషి ఉన్నట్టే. రెండో రాయి పెట్టి దొరికిపోయినవారి రాయి నెల రోజులు వరసలోంచి తీసేస్తారు. ఈ వరసను ఓడరేవులో కలాసీగా పనిచేసి రిటైరైన నర్సయ్య చేతికర్రతో కాపు కాసేవాడు.

ఆ మెట్ట మీదే ఇడ్లీలమ్మే గున్నమ్మ ఉండేది. కట్టుబాటు పెట్టాలని అందరికన్నా గట్టిగా అరిచింది ఆమే. పక్కింటి అచ్చియ్యమ్మ మాఘమాసంలో రెండో రాయి పెడితే, నలుగురినీ పిలిచి పట్టించిందీ ఆమే. ఆనాటి నుంచి ఆ రెండిళ్ళకూ మాటల్లేవు.

చైత్రంలో గున్నమ్మ కోడలు ప్రసవించింది. ఇంట్లో పచ్చి బాలింత, పదిరోజుల పసిగుడ్డు. రెండు బిందెలు తాగడానికీ వంటకే చాలలేదు. పురిటి గుడ్డలు మూలన పోగుపడ్డాయి. పసిదాని ఒళ్ళంతా చెమటపొక్కులు లేచాయి. పోనీ నలుగురినీ అడుగుదామంటే గున్నమ్మకు నోరు రాలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

ఒకనాటి మిట్టమధ్యాహ్నం, ఎండకు వీధిలో పిట్ట కూడా లేని వేళ, గ్రైండరు కొన్నాక మూలన పడేసిన పొత్రాన్ని కొంగు చాటున తెచ్చి వరసలో పెట్టింది. కంగారులో ఎక్కడ పెడుతున్నదో చూసుకోలేదు. అది అన్నిటికన్నా ముందు కూర్చుంది!

ట్యాంకరు వచ్చింది. నర్సయ్య దాన్ని చూడనే చూశాడు.

"ఇది ఎవుల రాయి? పేరు సెప్పండి. లేపోతే తీసి గెడ్డ కాలవలో పారేస్తాను."

గున్నమ్మ గబగబా ముందుకు వచ్చింది. రాయి తనదంటే నెల రోజులు చుక్క నీరు ఉండదు. నోటికి ఏదొస్తే అది అనేసింది.

"ముట్టుకోకు బావా! అది అమ్మోరిది. తెల్లారగట్ల నా కల్లోకొచ్చి, నాకూ దాహమేస్తంది, నా రాయీ వరసలో పెట్టు అన్నాది."

జనం చెంపలు వేసుకున్నారు. మొదటి రెండు బిందెలు నింపి పొత్రం ముందు పెట్టారు. నీళ్ళు కళ్ళెదుటే ఉన్నాయి, గున్నమ్మ మాత్రం తాకలేదు. అమ్మవారి సొత్తు అని చెప్పింది తనే కదా! మొక్కుతున్నట్టు చేతులు జోడించి, లోపల ఏడ్చుకుంది.

అప్పుడు వరస చివరి నుంచి అచ్చియ్యమ్మ ముందుకు వచ్చింది.

"అమ్మోరు ఈ నీలు ఏటి సేసుకుంటాది బావా? గున్నమ్మింట్లో పచ్చి బాలింత ఉన్నాది. ఈ రెండు బిందెలూ ఆ ఇంటికి పంపండి."

నర్సయ్య ఆ బిందెలు గున్నమ్మ ఇంటికి పంపించాడు. ఆ పూట పసిదానికి ఒళ్ళారా నీళ్ళు పోశారు. అది హాయిగా నిద్రపోయింది. గున్నమ్మకు మాత్రం మూడు రోజులు అన్నం సహించలేదు. మళ్ళీ ట్యాంకరు వచ్చిన రోజున వరస ముందు నిలబడి, తల వంచుకుని చెప్పేసింది.

"కలా నేదు, అమ్మోరూ నేదు. ఆ పొత్రం నాది. కోడలి కోసం దొంగపని సేసినాను."

"నాకు ఆరోజే తెలుసు" అంది అచ్చియ్యమ్మ. "నీ కొడుకు పెళ్ళికి మినప్పిండి రుబ్బినాను కాదేటి? ఆ పొత్రం పక్కన పెచ్చు ఊడింది నా సేతిలోనే."

"తెలిసీ ఎందుకు పట్టియ్యనేదు?"

"నా రాయి తీసీసినప్పుడు మా మావకి జొరం. ఒళ్ళు తుడవడానికి నీలు నేవు. నాను అడగనేను, నా కోసం అడిగినోలూ నేరు. ఆ బాద నీకొద్దు వొదినా."

రెండు నెలల తర్వాత వినిపించిన ఆ పిలుపుకు గున్నమ్మ అందరి ముందూ బావురుమంది.

నర్సయ్య కట్టుబాటు కట్టుబాటే అన్నాడు. గున్నమ్మ ఇంటి రాయిని నెల రోజులకు తీసేశాడు. పొత్రాన్ని మాత్రం వరస ముందే ఉంచి, మొదటి రెండు బిందెలు ఇక మీదట దాని ముందే పెట్టాలని, ఎవరింటికి అవసరమో పక్కింటివారు అడగాలని తీర్పు చెప్పాడు. ఆ నెలంతా ట్యాంకరు వచ్చినప్పుడల్లా అచ్చియ్యమ్మ నిలబడి గున్నమ్మ ఇంటికి నీళ్ళు అడిగింది. అబద్ధపు కలలో వచ్చిన తల్లి ఆ నెలలోనే నిజంగా ఇక్కడ వెలసిందని మెట్టవాసుల నమ్మకం.

ఇప్పుడు మెట్ట మీదికి గొట్టాలు వచ్చాయి. అయినా ప్రతి శుక్రవారం ఉదయం తొలి కుళాయి నీళ్ళు రెండు బిందెలు సన్నిధికి చేరతాయి. రోగులున్న ఇంటికో, పురుడు వచ్చిన ఇంటికో అవి తీర్థంగా వెళతాయి. ఇక్కడ ఎవరూ తమ కోసం మొక్కుకోరాదు. అర్చన వేళ పూజారి భక్తుల పేరూ గోత్రమూ అడగరు, పక్కింటివారి పేరు అడుగుతారు. అపార్టుమెంట్ల నుంచి వచ్చే భక్తుల్లో చాలామంది ఈ ప్రశ్నకు నీళ్ళు నములుతారు. అలాంటివారు ఇంటికి వెళ్ళి, పక్క తలుపు తట్టి, పేరు కనుక్కుని మళ్ళీ రావలసి ఉంటుంది. అంతవరకు వారి కొబ్బరికాయను పూజారి జాగ్రత్తగా పక్కన పెట్టి ఉంచుతారు.